ఉరుముల మబ్బు జీపీఎస్‌ను తప్పుదారి పట్టిస్తుందా?

ప్రశ్న: వాన పడుతుంటే మ్యాప్‌లో నా చుక్క పక్క వీధిలోకి గెంతుతోంది. మబ్బుల నుంచి లేచే గ్రావిటీ వేవ్స్ అయనోస్ఫియర్‌ను (చాలా ఎత్తున ఎలక్ట్రాన్లు విడిగా తిరిగే గాలి పొరను) కదిపి జీపీఎస్‌ను చెడగొడతాయని చదివాను. డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఫోన్ (రెండు ఫ్రీక్వెన్సీల్లో జీపీఎస్ సిగ్నల్ అందుకునేది) కొంటే ఈ బెడద తప్పుతుందా?

జవాబు: మీరు చదివింది నిజమే. కానీ మీ చుక్క గెంతడానికి కారణం చాలావరకు అది కాదు.

ఉరుముల మబ్బు గాలిని ఒక్కసారిగా పైకి నెడుతుంది. కొండ దాటే గాలి కూడా ఇలాగే లేస్తుంది. పైకెళ్లిన గాలి చుట్టూ ఉన్నదాని కంటే బరువెక్కి కిందికి జారుతుంది, తన మట్టం దాటి దిగిపోయి మళ్లీ లేస్తుంది. ఈ ఊగిసలాటే అలగా పైకి పాకుతుంది; గ్రావిటీ వేవ్ అంటే ఇదే. (బ్లాక్ హోల్స్ ఢీకొంటే పుట్టే గ్రావిటేషనల్ వేవ్స్ పూర్తిగా వేరు.) 90 కిలోమీటర్ల ఎత్తున గాలి నేల దగ్గర కంటే లక్షల రెట్లు పలచన. అందుకే కొరడా కొసలాగా, కింద చిన్నగా మొదలైన కదలిక అక్కడికి చేరేసరికి విపరీతంగా పెరిగి విరిగిపోతుంది. విరుగుతూ అక్కడి గాలులకు బ్రేక్ వేస్తుంది. ఆ బ్రేక్ వల్లే వేసవిలో ధ్రువం మీద గాలి పైకి లేచి, వ్యాకోచించి, చల్లబడుతుంది. 24 గంటలూ ఎండ కాసే ఆ రోజుల్లోనే 85 కిలోమీటర్ల ఎత్తున చలికాలం కంటే ఎక్కువ చలి, మైనస్ 130 డిగ్రీల దాకా! ఫోన్‌కు దీనితో పనిలేదు గానీ, నాకు మాత్రం అన్నిటికన్నా వింతగా అనిపించేది ఇదే.

కొన్ని అలలు, విరిగిన చోట కొత్తగా పుట్టేవి కూడా, ఇంకా పైకి పోయి అయనోస్ఫియర్‌లో ఎలక్ట్రాన్లను అటూ ఇటూ నెడతాయి. 2022 జనవరి 15న టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు ఇలాంటి కదలికలను ప్రపంచమంతా జీపీఎస్ రిసీవర్లు పట్టుకున్నాయి. ఎలక్ట్రాన్లు ఎక్కువైతే ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ ఆలస్యమవుతుంది, దానితో ఉపగ్రహం ఎంత దూరంలో ఉందనే లెక్క తప్పుతుంది. మామూలు అలల వల్ల దూరం లెక్కలో వచ్చే తేడా పదుల సెంటీమీటర్లే. ఆరుబయట ఫోన్ పొరపాటే సుమారు 5 మీటర్లు! కాబట్టి సెంటీమీటర్ల లెక్కన కొలిచే సర్వేవాళ్లకు ఇది తలనొప్పి, మీకు కాదు.

మబ్బులూ వానా సిగ్నల్‌ను పెద్దగా ఆపలేవు. మీ వీధిలో గోడలకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్ మీదే నా అనుమానం. డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఫోన్ పనికొచ్చేది అక్కడే: మామూలు ఎల్1 సిగ్నల్‌కు తోడు అది అందుకునే రెండో సిగ్నల్ ఎల్5తో నేరుగా వచ్చినదాన్నీ గోడ నుంచి తిరిగొచ్చినదాన్నీ విడదీయడం తేలిక. అయనోస్ఫియర్ ఆలస్యాన్ని రెండు ఫ్రీక్వెన్సీలతో లెక్కగట్టి తీసేయడమూ కుదురుతుంది. కొనేముందు స్పెసిఫికేషన్లలో ఎల్1, ఎల్5 రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఇప్పుడున్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుసుకోవాలంటే జీపీఎస్‌టెస్ట్ యాప్‌ చాలు.