కులాంతర పెళ్లి చేసుకుంటే వాటా లేదంటే చెల్లుతుందా?

ప్రశ్న: నేను స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న హెషింగెన్ దగ్గర హోహెన్‌జోలెర్న్ కోట చూడటానికి వెళ్లాం. ఆ కోటలో ప్రధాన భాగం జర్మనీ చివరి చక్రవర్తి వంశస్థుడిదని, తమ హోదాకు తగని పెళ్లిళ్లు చేసుకున్నందుకు ఆయన పెదనాన్నలకు వారసత్వం దక్కలేదని విన్నాను. ఇది నిజమేనా? నా బాధ కూడా ఇలాంటిదే. 'వేరే కులంలో పెళ్లి చేసుకున్న మనవడికి వాటా లేదు' అని మా తాతగారు వీలునామా రాశారు. ఆయనకు 84 ఏళ్లు. నేను ఇష్టపడిన అమ్మాయిది వేరే కులం. చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకుడు

జవాబు: మీరు విన్నది చాలావరకు నిజమే. అయితే ఆ కథ అక్కడితో అయిపోలేదు.

ఆ వంశానికి ఇప్పుడు పెద్ద గియోర్గ్ ఫ్రీడ్రిష్. 1976లో బ్రెమెన్‌లో పుట్టారు. రెండో విల్‌హెల్మ్ చక్రవర్తికి మునిమనవడి కొడుకు. అందరూ యువరాజు అంటారు కానీ చట్టం దృష్టిలో ఆయన మామూలు పౌరుడే. 1919 నాటి వైమార్ రాజ్యాంగం 109వ అధికరణం రాచ హోదాలను తీసేసి, బిరుదులను పేరులో భాగంగా మాత్రమే ఉంచింది. అందుకే ఆఫీసు ఫారంలో ఇంటిపేరు గడిలో ఆయన 'ప్రింజ్ ఫాన్ ప్రొయిసెన్' (ప్రష్యా యువరాజు) అని రాసుకుంటారు. మన దగ్గర పేరు చివర రాజు, చౌదరి ఉన్నట్టే అనుకోండి. పక్కనున్న ఆస్ట్రియా అయితే పెద్దింటివాళ్లని చెప్పే, పేరులోని 'ఫాన్' కూడా ఉండనివ్వలేదు.

హోదా పోయినా ఆస్తి మిగిలింది, దానితోపాటు ఆ ఇంటి కట్టుబాటూ మిగిలింది. 1938లో చక్రవర్తి కొడుకు, మాజీ యువరాజు విల్‌హెల్మ్ తన రెండో కొడుకు లూయిస్ ఫెర్డినాండ్‌తో వారసత్వ ఒప్పందం రాసుకున్నారు. సమాన హోదా లేని పెళ్లి చేసుకున్నవాళ్లకు, అలాంటి పెళ్లి వల్ల పుట్టినవాళ్లకు వారసత్వం రాదని అందులో షరతు. పెద్ద కొడుకు ఉండగా రెండో కొడుకుతో ఎందుకు రాసుకున్నారంటే, పెద్దవాడు 1933లోనే రాచకుటుంబం కాని అమ్మాయిని పెళ్లి చేసుకుని హక్కులు వదులుకున్నాడు.

తర్వాతి తరంలోనూ అదే జరిగింది. లూయిస్ ఫెర్డినాండ్ పెద్ద కొడుకులిద్దరూ, ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్, మిషాయెల్, 1960లలో తమకు నచ్చినవాళ్లను పెళ్లి చేసుకుని హక్కులు వదులుకుంటూ సంతకాలు పెట్టారు. మూడో కొడుకు హోదాకు తగిన సంబంధమే చేసుకున్నాడు కానీ, 1977లో సైనిక శిక్షణలో రెండు వాహనాల మధ్య నలిగి, ఆ గాయాలతో చనిపోయాడు. అప్పటికి కొడుకు గియోర్గ్‌కు ఏడాది దాటిందంతే. 1994లో తాత లూయిస్ ఫెర్డినాండ్ పోయేసరికి, 18 ఏళ్ల ఆ కుర్రాడే వారసుడయ్యాడు.

పెదనాన్నలు కోర్టుకెక్కారు. మొదట హెషింగెన్, స్టుట్‌గార్ట్ కోర్టుల్లో వాళ్లే గెలిచారు. 1998లో ఫెడరల్ సుప్రీంకోర్టు షరతు చెల్లుతుందంటూ ఆ తీర్పులను కొట్టేసింది. 2004లో కార్ల్స్‌రూహేలోని రాజ్యాంగ న్యాయస్థానం మళ్లీ తిప్పేసింది. ఆస్తి ఎవరికివ్వాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తాతకు ఉంది, నిజమే. ఎవరిని పెళ్లి చేసుకోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మనవడికీ ఉంది. ఈ షరతు మనవడి మీద మోయలేని ఒత్తిడి తెస్తుందా అన్నది కింది కోర్టులు సరిగా చూడలేదని ఆ తీర్పు సారాంశం. సింహాసనం ఎక్కేవాడి కోసం పుట్టిన నియమం అది. సింహాసనమే లేనప్పుడు దానికి అర్థమేముంది? నా వరకు ఇది చాలా గొప్ప తీర్పు.

అయినా 2005లో చివరికి ప్రధాన వారసుడిగా నిలిచింది గియోర్గే. మిగతా సంతానానికి కూడా భాగం ఉందని కోర్టు చెప్పింది. జర్మనీలో నిర్బంధ వాటా అని ఒకటుంది. కన్నబిడ్డకు వీలునామాలో ఏమీ రాయకపోయినా, మామూలుగా వచ్చే వాటాలో సగం విలువ డబ్బు రూపంలో ఇచ్చి తీరాలి. ఉదాహరణకు తల్లి లేని ఇంట్లో ఏడుగురు పిల్లలుంటే ఒక్కొక్కరికి ఏడో వంతు రావాలి. పేరు కొట్టేసినా పద్నాలుగో వంతు ఎక్కడికీ పోదు.

ఇక మీ సంగతి. జర్మనీ తీర్పును మన కోర్టులు పాటించాల్సిన పని లేదు. పైగా హిందూ చట్టంలో నిర్బంధ వాటా లేదు. అది తాతగారి స్వార్జితం అయితే, హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ప్రకారం ఎవరికైనా రాసుకోవచ్చు. పెళ్లిని అడ్డుకునే ఒప్పందం చెల్లదని కాంట్రాక్ట్ చట్టం 26వ సెక్షన్ చెబుతుంది కానీ, వీలునామా ఒప్పందం కాదు. ఆ సెక్షన్ పట్టుకుని గెలుస్తామని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి.

పిత్రార్జితమైతే పరిస్థితి వేరు. ఉమ్మడి ఆస్తిలో తాతగారు తన వాటాను మాత్రమే వీలునామా రాయగలరు. పుట్టుకతో వచ్చిన మీ హక్కును, మీ నాన్నగారి హక్కును ఆయన తీసేయలేరు. కాకపోతే 1956 తర్వాత తన తండ్రి చనిపోయాక వారసుడిగా ఆయనకు వచ్చిన భూమిని సాధారణంగా ఆయన సొంత ఆస్తిగానే చూస్తారు. అందుకే పాత దస్తావేజులు, అడంగల్ లేదా పహాణీ నకళ్లు, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయించి, భూమి ఎవరి నుంచి ఏ సంవత్సరంలో వచ్చిందో చూడండి. ఈ లోపు ఎవరు అడిగినా హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టొద్దు.

ఆ జర్మన్ కుటుంబానికి లేని అవకాశం ఒకటి మీకుంది. వాళ్లది ఇద్దరు కలిసి రాసుకున్న ఒప్పందం. ఒక్కరే అనుకుని మార్చడానికి వీల్లేదు. మీ తాతగారిది వీలునామా. ఆయన తెలివిలో ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా రద్దు చేసి మళ్లీ రాయొచ్చు. ఫోన్‌లో కాకుండా ఊరికి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని ఆ అమ్మాయి గురించి మీరే చెప్పండి. ఆయన మనసు మార్చుకుంటే కొత్త వీలునామా మీద ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయిస్తే మంచిది. సాక్షుల్లో మీరు గానీ, ఆస్తి దక్కే మరొకరు గానీ ఉండకుండా చూసుకోండి.