అటక మీద మాత్రం వద్దు

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. కింద ఒక్క మాట రాయలేదు. మా అక్క మాట రాయలేదంటే ఎంత కోపమో నాకు తెలుసు. కళ్ళద్దాలు పెట్టుకుని ఫోటో పెద్దది చేసి లెక్కపెట్టాను. నలభై మూడు పైపు పొగాకు డబ్బాలు. వెనక వరసలో ఇంకా ఉన్నట్టున్నాయి. ఫోన్ చేస్తే, ఇంకో అరవై తెప్పిస్తావనీ, వాటికోసం అనంతపురంలో అద్దె ఇంటి అటక ఖాళీ చేయించావనీ, ఇదంతా మామ పోలికేననీ అరగంట తిట్టింది. తిట్లు నీకా నాకా అన్నది తేలలేదు.

నిజం చెప్తాను. భయపడ్డాను, లోపల కాస్త మురిశాను కూడా. డబ్బాలను రకంవారీగా సర్దావు చూడు, తియ్యటి వర్జీనియా ఆకు ఒకపక్క, పొగబెట్టి ఆరబెట్టిన లటాకియా ఆకు ఉన్నవి ఒకపక్క. అది నేను నేర్పింది కాదు. ఆ మాట మీ అమ్మకు చెప్పొద్దు.

మొదట అటక సంగతి. నీది పై అంతస్తు, మీద మిద్దె తప్ప ఏమీ లేదు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆ అటక మీద చెయ్యి పెట్టి చూడు. మిద్దె రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూ ఉంటుంది. పొగాకు చల్లగా, చీకట్లో, నెమ్మదిగా మగ్గాలి. ఆ వేడికి అది మగ్గదు, ఉడుకుతుంది. పైగా ఆకులో కంటికి కనపడని పురుగు గుడ్లు ఉండొచ్చు, ఎండకాలంలోనే అవి లేస్తాయి. గోధుమరంగు పురుగు, ఆవగింజంత ఉంటుంది. ఆకుకు సూదితో పొడిచినట్టు బెజ్జాలు పెడుతుంది. మిరపకాయలు, పసుపు, ధనియాలు కూడా దానికి ఇష్టమే. కాబట్టి వంటింటి సామాన్ల పక్కన కూడా వద్దు. మీ ఇంట్లో నడిమి గది, బయటి గోడ తగలని బీరువా, అందులో మధ్య అర. అంతే. కూలర్ ఉన్న గదిలో మూత తీసిన పొగాకు వదిలేయకు, ఆ తడిగాలికి బూజు వస్తుంది. ఫ్రిజ్ అసలే వద్దు.

డబ్బాల్లోంచి తీసి పొగాకు దాచుకునే సీసాల గురించి నీకు తెలిసే ఉంటుంది. రబ్బరు రింగు ఉన్న గాజు సీసా, వేడినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక నింపడం. అరలీటరు సీసాలో వంద గ్రాములు పడుతుంది. పేరు, తేదీ మూత మీద ఒక్కచోటే రాయకు, సీసా మీద కూడా రాయి. మూతలు మారిపోతాయి. లటాకియా ఉన్న సీసాలో తర్వాత వర్జీనియా పోయాలంటే రింగు మార్చాలి. గాజు కడిగితే పోతుంది కానీ రబ్బరు ఆ పొగవాసన వదలదు.

ఇక ఏది ముందు, ఏది వెనక అన్న లెక్క. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, మీ అమ్మమ్మ ఊరగాయ చూసిన కళ్ళుంటే చాలు. పెద్ద జాడీకి గుడ్డ కట్టి మూల పెట్టేది. చిన్న జాడీలోకి పదిహేను రోజులకు సరిపడా తీసి, దాన్నే రోజూ వాడేది. తడి గరిటె పెద్ద జాడీ దగ్గరికి పోతే మా వీపు పగిలేది. నువ్వూ అంతే. పెద్ద సీసా మూత ఊరికే తీయకు. వాసన చూద్దామని కూడా తీయకు. నాకు తెలుసు, చూద్దామనిపిస్తుంది.

వర్జీనియాలో చక్కెర ఎక్కువ, అందుకే అది ఏళ్ళ తరబడి మగ్గేకొద్దీ బాగుంటుంది. ఐదేళ్ళు ఓపిక పట్టగలిగితే తేడా నీకే తెలుస్తుంది. లటాకియా ఉన్నవి పాడు కావు కానీ ఏళ్ళు గడిస్తే ఆ పొగవాసన మెత్తబడుతుంది. ఘాటే కావాలనుకుంటే ముందుగా వాడు. చెర్రీ, వెనిల్లా వాసన పట్టించినవి దాచడం దండగ, ఏడాది రెండేళ్ళలో కానిచ్చేయి. పాత బియ్యం అత్తెసరుకు, కొత్త బియ్యం పొంగలికి అన్నట్టు దేని కాలం దానిది. నచ్చింది రెండు కొను, ఒకటి వాడు, ఒకటి దాచు. ఒక్కసారీ తాగి చూడనిది పది కొనడం పిచ్చి. నీ ఫోటోలో ఎర్ర డబ్బా ఒకటే తొమ్మిదుంది. తాగి చూశావా?

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

2009 అక్టోబరు నాటికి నా దగ్గర ముప్పై ఒక్క డబ్బాలు. రాయచోటి వైపు నుంచి గల్ఫ్ వెళ్ళి వచ్చేవాళ్ళ చేత ఒకటీ రెండూ తెప్పించుకుని, ఇరవై ఏళ్ళు కూడబెట్టాను. సీసాలు కొనిపెట్టుకున్నాను, ఇదిగో రేపు మారుస్తా, ఎల్లుండి మారుస్తా అంటూ డబ్బాల్లోనే ఉంచాను. అప్పుడు మాది కర్నూలు పాతబస్తీలో నది వైపు ఇల్లు, నువ్వు చూశావు. ఎండకు భయపడి కింది గదిలో, నేలమీద, రేకుపెట్టెలో పెట్టాను. ఆ ఇంట్లో అదే చల్లటి చోటు. వేడి గురించి అంత ఆలోచించినవాణ్ణి నీళ్ళ గురించి ఆలోచించలేదు. పక్కనే తుంగభద్ర, ఇటుపక్క హంద్రీ. ఆ రెండూ కలిసే ఊళ్ళో ఉంటూ!

అక్టోబరు 2న నీళ్ళు వచ్చాయి. వాన సంగతి కాదు, నది ఊళ్ళోకి వచ్చింది. గడప దాటేటప్పటికి ఇంకేం చూసుకోవాలో తెలియలేదు. మీ అత్తను మిద్దె ఎక్కించాను. అది మెట్ల మీదినుంచి "పెట్టె తీసుకురండి, పెట్టె" అని అరిచింది. మళ్ళీ దిగాను. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి, చూస్తుండగానే తొడల దాకా వచ్చాయి. ఒక్క పెట్టె మోయగలను. నా రేకుపెట్టె మోసుకుని పైకి వచ్చాను.

అది అడిగింది ఫోటోల పెట్టె. మా పెళ్ళి ఆల్బం, వాళ్ళ నాయన ఉన్న ఒకే ఒక్క ఫోటో అందులోనే ఉన్నాయి. వాళ్ళ నాయన దానికి ఏడేళ్ళప్పుడే పోయాడు.

హడావిడిలో ఏ పెట్టో అర్థం కాలేదని అందరికీ చెప్పాను. ఏ పెట్టె అని నేను అడగలేదురా. తెలిసే అడగలేదు.

రెండు రాత్రులు మిద్దె మీదే ఉన్నాం. అది ఆ రేకుపెట్టె వైపు చూసింది కానీ ఒక్క మాట అనలేదు. నీళ్ళు తీశాక ఇంటినిండా మోకాటి లోతు బురద. ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దయ్యాయి. నేను నా ముప్పై ఒక్క డబ్బాలు తుడిచి, ఎండలో ఆరబెట్టి, వరసగా పేర్చుకున్నాను. నేను దిగేసరికే పెట్టెలోకి నీళ్ళు చేరాయి, కానీ డబ్బాల మూతలు బిగుతుగానే ఉన్నాయి కదా, లోపల భద్రం అనుకున్నాను. బయట తడిసిన రేకు అతుకుల దగ్గర తుప్పు పడుతుందనీ, సూదిమొనంత బెజ్జం చాలనీ నాకు తెలియదు. ఉగాదికి ఒకటి తెరిస్తే ఆకు మీద తెల్లగా ఉంది. పాత వర్జీనియా మీద సన్నటి మెరుపుపొడి వస్తుందని విని ఉన్నాను, ఇదే అదని మురిసిపోయి స్నేహితులకు చూపించాను. తాగాను కూడా. అది బూజు. మెరుపుపొడి చక్కెర పలుకుల్లా ఉంటుంది, బూజు దూదిపీచులా లేస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిగోడ వాసన వేస్తుంది. అనుమానం వస్తే పారేయి. నేను ఇరవై ఆరు పారేశాను. ఆరోజు మీ అత్త చెత్తబుట్ట పట్టుకుని పక్కన నిలబడింది. "అన్నీ పోయినాయా?" అని మాత్రం అడిగింది. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

అందుకే నీకు నా లెక్క ఒకటి చెప్తున్నాను. నీ పొగాకంతా ఒక్క మనిషి ఒక్కసారి రెండు చేతులతో ఎత్తుకుపోగలిగినంతే ఉండాలి. అది కూడా అన్నిటికంటే చివర ఎత్తుకోవాల్సింది. ముందు ఫోటోలు, కాగితాలు, పిల్ల. నూటమూడు డబ్బాలు ఎత్తగలవా? అనంతపురంలో వరదేంది మామా అంటావు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునగలేదా? మీది పై అంతస్తేలే. అయినా నా మాట విను.

పిల్లంటే గుర్తొచ్చింది, దానికి రెండేళ్ళు. చిటికెడు పొగాకు నోట్లో పెట్టుకున్నా ఆ వయసుకు ప్రమాదం. బీరువాకు తాళం వేయి, తాళంచెవి పైన పెట్టు. వాడే చిన్న సీసా కూడా లోపలే.

ఇంకొకటి. పైపు పొగ గుండెల్లోకి పీల్చం కాబట్టి ఏమీ కాదని నీకెవరైనా చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. 2016లో నా నాలుక పక్కన తెల్లమచ్చ వస్తే ముక్క కోసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఆ పది రోజులూ నేను అన్నం తిన్నానో లేదో గుర్తు లేదు. ఏమీ లేదన్నారు, ఆరోజే మానేశాను. అందరికీ ఏమీ లేదనరు. నోటికీ గొంతుకూ క్యాన్సర్ పైపుతోనూ వస్తుంది. మానేయమని చెప్పే అర్హత నాకు లేదు, అయినా చెప్తున్నాను. వినకపోతే ఆర్నెల్లకోసారి నోరు చూపించుకో. ఆ అరవై ఆర్డరు మాత్రం ఆపు. ఉన్నవి కాలిస్తేనే ఏళ్ళు పడుతుంది.

దసరాకు కారులోనే రా. నా పాత సీసాలు పన్నెండున్నాయి, మీ అత్త కడిగి ఎండబెట్టింది. రింగులు ఎండిపోయాయి, కొత్తవి కొనుక్కో. పదమూడోది కూడా ఉంది కానీ దాంట్లో ఉలవలు పోసుకుంది, ఇవ్వనంటోంది.

మీ మామ,
కర్నూలు