పార్టిషన్ మార్చాక కంప్యూటర్ లేవట్లేదు, ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

ప్రశ్న: సార్ నమస్తే. నా పాత లాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ వేసుకున్నాను. డి డ్రైవ్ ఖాళీగానే ఉంది కదా, ఆ జాగా ఉబుంటుకి కలుపుదామని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి డిలీట్ చేశా. రీస్టార్ట్ కొట్టగానే నల్ల స్క్రీన్ మీద "నో సచ్ పార్టిషన్" అని, కింద "గ్రబ్ రెస్క్యూ" అని వచ్చి ఆగిపోయింది. ఉబుంటు రాదు, విండోస్ కూడా రాదు. కాలేజీ ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. తెలిసినవాళ్ళందరూ ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నారు. నిజమేనా సార్?

జవాబు: కాదండీ, అస్సలు కొట్టించకండి. మీరు రాసినదాన్ని బట్టి పోయింది ఆ ఖాళీ డి డ్రైవ్ ఒక్కటే, మీ ప్రాజెక్టు ఎక్కడిదక్కడే ఉంది. ఇలాంటి కేసుల్లో ఫైళ్ళు పోయేది పార్టిషన్ డిలీట్ చేసినప్పుడు కాదు, ఆ తర్వాత కంగారులో చేసే రీఇన్‌స్టాల్ వల్లే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

అసలు జరిగిందేంటంటే, మీది పాత ఎంబీఆర్ పద్ధతి డిస్క్ అయ్యుంటుంది, అంటే పార్టిషన్ల లెక్క డిస్క్ మొదట్లోనే రాసుకునే పాత పద్ధతి. అందులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి, అంతకన్నా ఎక్కువ కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి దాని లోపల లాజికల్ పార్టిషన్లు పెట్టుకోవాలి, వాటి నంబర్లు 5 నుంచి మొదలవుతాయి. మీ డి డ్రైవ్ 5, ఉబుంటు 6 అనుకోండి, 5 తీసేయగానే 6 కాస్తా 5 అయి కూర్చుంది. గ్రబ్‌కి, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్, ఉబుంటుల్లో ఏది లేపాలో మెనూ చూపించే చిన్న ప్రోగ్రామ్‌కి, ఈ సంగతి తెలీదు. డిస్క్ మొదటి సెక్టార్ 512 బైట్లు, అందులో ప్రోగ్రామ్‌కి దొరికేది 446 బైట్లే, అంత చిన్న చోట గ్రబ్ మొత్తం పట్టదు కాబట్టి ఇంకో ముక్క దాని వెనకే ఉండే ఖాళీలో కూర్చుంటుంది, మిగతా సరంజామా అంతా ఉబుంటు పార్టిషన్‌లో ఉంటుంది. "ఆ సరంజామా ఆరో పార్టిషన్‌లో ఉంది" అని ఇన్‌స్టాల్ చేసిన రోజే ఆ రెండో ముక్కలో రాసేస్తారు. వీధిలో ఇళ్ళ నంబర్లు మార్చేశాక పాత అడ్రసు పట్టుకుని తిరిగే మనిషిలాగా అది ఆరో నంబరు వెతికి, లేకపోయేసరికి అక్కడే నిలబడిపోయింది. విండోస్‌కి వెళ్ళే దారి కూడా ఆ గ్రబ్ మెనూలోంచే కాబట్టి అదీ రాలేదు, అంతేగానీ విండోస్ పాడవ్వలేదు.

ఇప్పుడు ఆ రెస్క్యూ స్క్రీన్ దగ్గరే పని మొదలుపెట్టొచ్చు. కమాండ్లు పలికినట్టు రాస్తున్నా, మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. ముందు ఎల్‌ఎస్ అని కొట్టి ఎంటర్ నొక్కితే బ్రాకెట్లలో హెచ్‌డీ జీరో కామా ఎంఎస్‌డాస్ ఫైవ్ లాంటివి వరసగా కనిపిస్తాయి, అవే మీ పార్టిషన్లు. ఒక్కోదాన్నీ ఎల్‌ఎస్ పక్కన బ్రాకెట్లతో సహా రాసి చివర స్లాష్ పెట్టి చూడండి. విండోస్ వాటికి "అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్" అంటుంది, దానికి భయపడకండి, ఈ చిన్న ముక్కకి విండోస్ ఫార్మాట్ చదవడం రాదు అంతే. ఏదో ఒకదానికి బూట్, హోమ్, ఈటీసీ అని ఫోల్డర్లు కనిపిస్తాయి చూడండి, అదే మీ ఉబుంటు. అది కనిపించిందంటే సగం పని అయిపోయినట్టే.

తర్వాత సెట్ అని కొట్టి స్పేస్ ఇచ్చి ప్రిఫిక్స్, ఈక్వల్ గుర్తు, ఆ పార్టిషన్ పేరు బ్రాకెట్లతో సహా, స్లాష్ బూట్ స్లాష్ గ్రబ్, ఎంటర్. ఈక్వల్‌కి అటూ ఇటూ స్పేస్ ఉండకూడదు. ఇంకో లైన్లో సెట్ స్పేస్ రూట్ ఈక్వల్ అదే పార్టిషన్ పేరు. ఆ తర్వాత ఇన్స్‌మాడ్ స్పేస్ నార్మల్, ఎంటర్, చివరికి ఉత్తి నార్మల్, ఎంటర్. మీ పాత మెనూ వచ్చేస్తుంది. మెనూ లోపల ఉబుంటుని వెతికేది నంబరుతో కాదు, యూయూఐడీ అనే పెద్ద గుర్తింపుతో, ఆ గుర్తింపు మారలేదు కాబట్టి ఉబుంటు మామూలుగానే లేస్తుంది.

లేచింది కదా అని అక్కడితో వదిలేస్తే మళ్ళీ రీస్టార్ట్‌కి అదే కథ. ఉబుంటు టెర్మినల్ తెరిచి సుడో గ్రబ్ హైఫన్ ఇన్‌స్టాల్ స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ కొట్టండి, ఇక్కడ మొత్తం డిస్క్ పేరు ఇవ్వాలి, ఎస్‌డీఏ పక్కన 5, 6 లాంటివి పెట్టకూడదు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఏమైనా తగిలించి ఉంటే తీసేసి, ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి మీ డిస్క్ పేరు ఎస్‌డీఏనే అవునో కాదో చూసుకున్నాకే చేయండి. ఆ తర్వాత సుడో అప్‌డేట్ హైఫన్ గ్రబ్. అయిపోయింది.

మధ్యలో ఒక చిక్కు రావచ్చు. మెనూ వచ్చి ఉబుంటు ఎంచుకున్నాక నిమిషంన్నర పాటు ఏదో డిస్క్ కోసం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్ అని ఆగిందనుకోండి, ఆ డి డ్రైవ్ ఆటోమేటిగ్గా తెరుచుకునేలా ఎప్పుడో ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో రాసి పెట్టి ఉంటారు, ఇప్పుడది లేదు కదా, దాని కోసం కాచుకుని కూర్చుంది. ఈటీసీలో ఉన్న ఆ ఫైల్ తెరిచి ఆ లైన్ ముందు హ్యాష్ గుర్తు పెడితే చాలు.

మరి ఏ పార్టిషన్‌లోనూ బూట్ ఫోల్డర్ కనపడకపోతే? అప్పుడు డి డ్రైవ్‌తో పాటు ఉబుంటుది కూడా డిలీట్ అయిందేమో అని అనుమానించాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్‌కి డ్రైవ్ లెటర్ గానీ ఫైల్‌సిస్టమ్ పేరు గానీ కనపడవు, ఖాళీ అనుకుని తీసేసేవాళ్ళు చాలామంది. అలా జరిగినా డిస్క్ మీద కొత్తగా ఏమీ రాయనంతవరకూ ఆశ ఉంది. వేరే కంప్యూటర్లో ఉబుంటు లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటు నడిపేది) చేసుకుని, దానితో బూట్ చేసి, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో అనలైజ్, క్విక్ సెర్చ్ ఇవ్వండి. దొరికిన పార్టిషన్ మీద పీ నొక్కితే లోపలి ఫైళ్ళ పేర్లు కనిపిస్తాయి. ముందు ప్రాజెక్టుని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, దొరికిన పార్టిషన్‌ని డిస్క్ మీద మళ్ళీ రాసే "రైట్" (Write) నొక్కడం ఆ తర్వాత సంగతి. "ఫార్మాట్ చేయాలా" అని ఏ స్క్రీన్ అడిగినా క్యాన్సిల్, ఇంకో మాట లేదు.

ప్రశ్న: నమస్తే అండీ. నాది కొత్త లాప్‌టాప్, విండోస్ 11, ఉబుంటు ఉన్నాయి. జాగా సర్దుతూ 100 ఎంబీ ఉన్న పేరు లేని పార్టిషన్ ఒకటి కనిపిస్తే వేస్ట్ అనుకుని తీసేశాను. ఇప్పుడు బూట్ డివైస్ లేదంటోంది. అంత చిన్నదానికి ఇంత జరుగుతుందా?

జవాబు: జరుగుతుందండీ, ఎందుకంటే యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ అయ్యే కంప్యూటర్లలో అదే గుమ్మం. ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అంటారు, ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో ఉంటుంది, విండోస్ బూట్ ఫైళ్ళూ ఉబుంటు బూట్ ఫైళ్ళూ పక్కపక్క ఫోల్డర్లలో అందులోనే ఉంటాయి. మీ విండోస్, మీ ఉబుంటు, మీ ఫైళ్ళు అన్నీ క్షేమం, గుమ్మం ఒక్కటి మళ్ళీ కట్టుకోవాలి.

విండోస్ ఇన్‌స్టాల్ యూఎస్‌బీ పెట్టి, యూఈఎఫ్ఐ అని ఉన్న ఎంట్రీతోనే బూట్ చేసి, మొదటి స్క్రీన్లో షిఫ్ట్ ఎఫ్10 నొక్కండి, కమాండ్లు కొట్టే నల్ల విండో తెరుచుకుంటుంది. అందులో డిస్క్‌పార్ట్ అని కొట్టి ఆ పార్టిషన్ల టూల్‌లోకి వెళ్ళి లిస్ట్ డిస్క్ కొట్టి, సైజు చూసి మీ డిస్క్‌నే సెలెక్ట్ చేసుకుని, క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ, తర్వాత ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్ ఈక్వల్ ఫ్యాట్ 32, తర్వాత అసైన్ లెటర్ ఈక్వల్ ఎస్. ఫార్మాట్ కమాండ్ ఇప్పుడు చేసిన కొత్త పార్టిషన్ మీదే పడాలి కాబట్టి ముందు లిస్ట్ పార్టిషన్ కొట్టి, స్టార్ గుర్తు దేని ముందు ఉందో చూసుకోండి. ఇక్కడ తొందరపడకండి. లిస్ట్ వాల్యూమ్‌లో విండోస్‌కి ఏ అక్షరం వచ్చిందో కూడా చూడండి, అక్కడ అది సీ అవ్వాలనేం లేదు. సీ అయితే డిస్క్‌పార్ట్ నుంచి బయటికొచ్చి బీసీడీబూట్, స్పేస్, సీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, ఎస్ కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్, స్పేస్, యూఈఎఫ్ఐ. దీంతో విండోస్ లేస్తుంది. డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ఫోన్‌లో ముందే చూసి రాసి పెట్టుకోండి.

ఉబుంటుకి లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, బూట్ రిపేర్ అనే టూల్ వేసుకుని అందులో రికమెండెడ్ రిపేర్ నొక్కడం తేలిక. కొత్త పార్టిషన్‌కి కొత్త యూయూఐడీ వచ్చింది కాబట్టి ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో బూట్ స్లాష్ ఈఎఫ్ఐ అని ఉన్న లైన్లో పాతది తీసి కొత్తది పెట్టాలి, బీఎల్‌కేఐడీ కమాండ్ కొడితే అది కనిపిస్తుంది. ఇది మర్చిపోయి అంతా చేశాక కూడా లేవట్లేదని రాసేవాళ్ళు ఉంటారు.

ప్రశ్న: గ్రబ్ సరిచేశాక ఉబుంటు వస్తోంది కానీ మెనూలో విండోస్ పేరే లేదు. పోయినట్టేనా?

జవాబు: పోలేదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్కనున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని వెతికే ఓఎస్ ప్రోబర్‌ని డీఫాల్ట్‌గా ఆపేసి పెడుతున్నారు. ఈటీసీలో డీఫాల్ట్ ఫోల్డర్, అందులో గ్రబ్ ఫైల్ తెరిచి గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ అని ఉన్న లైన్ ముందు హ్యాష్ తీసేసి, విలువ ఫాల్స్ అని ఉంచి, అప్‌డేట్ గ్రబ్ కొట్టండి. ఆ లైన్ లేకపోతే, మాటల మధ్య అండర్‌స్కోర్లతో అన్నీ పెద్ద అక్షరాల్లో మీరే రాయండి, ఫాల్స్ ఒక్కటి చిన్న అక్షరాల్లో.