స్క్వాట్‌లో పూర్తిగా కిందికి దిగలేకపోతున్నాను, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 31 ఏళ్లు. ఐటీ ఉద్యోగం, రోజంతా కూర్చొనే పని. ఏడాదిగా జిమ్‌కు వెళ్తున్నాను. బార్‌బెల్‌తో 80 కిలోల దాకా స్క్వాట్ చేస్తున్నాను. కానీ తొడలు నేలకు సమాంతరంగా రాకముందే మడమలు లేస్తున్నాయి. బలవంతంగా ఇంకా దిగితే నడుము కింది భాగం గుండ్రంగా వంగిపోతోంది, మర్నాడు అక్కడ పట్టేసినట్టు ఉంటోంది. మోకాళ్లలో టకటకమని శబ్దం వస్తోంది కానీ నొప్పి లేదు. మోకాళ్లు కాలివేళ్లను దాటకూడదని మా ట్రైనర్ చెబుతున్నారు. లోతుగా దిగాలంటే ఏం చేయాలి? దిగితే మోకాళ్లు అరిగిపోతాయా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు రాసిన వాటిలో ముందుగా పట్టించుకోవాల్సింది మర్నాడు నడుము పట్టేయడం. బరువు మోస్తూ నడుము గుండ్రంగా వంగినప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద, వాటి వెనక ఉండే లిగమెంట్ల (ఎముకలను కలిపి ఉంచే పట్టీల) మీద ఒత్తిడి పెరుగుతుంది. ఇది వారం వారం జరుగుతూ ఉంటే సమస్య ముదిరే అవకాశం ఉంది. కాబట్టి కనీసం నాలుగు వారాలపాటు 80 కిలోలను పక్కన పెట్టి, మిమ్మల్ని కిందికి దిగనివ్వకుండా ఆపుతున్నది ఏ కీలో కనిపెట్టండి. అది తెలియకుండా ఎంత సాధన చేసినా లోతు పెరగదు.

మడమలు లేస్తున్నాయంటే మొదటి అనుమానం చీలమండ మీదే. స్క్వాట్‌లో బార్ ఎప్పుడూ పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన ఉండాలి, లేకపోతే మనిషి తూలిపోతాడు. తొడలు కిందికి వెళ్లేకొద్దీ తుంటి వెనక్కి జరుగుతుంది కాబట్టి, ఆ సమతూకం నిలవాలంటే మోకాలి కింది ఎముక ముందుకు వాలాలి. చీలమండ బిగుసుకుపోయి ఆ వాలు రాకపోతే శరీరం మడమలనైనా లేపుతుంది, ఛాతీనైనా ముందుకు పడేస్తుంది. దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. గోడకు ఎదురుగా చెప్పులు లేకుండా ఒక కాలు ముందుంచి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించండి. తాకగలిగినంత వరకు పాదాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ, బొటనవేలికీ గోడకూ మధ్య దూరం కొలవండి. అది సుమారు 10 సెంటీమీటర్లు ఉంటే సాధారణంగా స్క్వాట్‌కు సరిపోతుంది. అంతకంటే బాగా తక్కువ ఉన్నా, రెండు కాళ్ల మధ్య తేడా ఎక్కువగా ఉన్నా చీలమండ మీద పని చేయాలి. జిమ్‌లో మరో పరీక్ష: మడమల కింద రెండు చిన్న ప్లేట్లు పెట్టి ఖాళీ బార్‌తో దిగి చూడండి. ఒక్కసారిగా లోతు పెరిగిందంటే కారణం దొరికినట్టే.

తుంటి సంగతి వేరు. తొడ ఎముక తల కూర్చునే గుంత లోతు, అది తిరిగి ఉండే దిశ ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటాయి. మీ పక్కన చేసే మిత్రుడు పాదాలు దగ్గరగా పెట్టి పిరుదులు మడమలకు తగిలేలా కూర్చోగలిగితే, అదే భంగిమ మీకు ఎన్నేళ్లు సాధన చేసినా రాకపోవచ్చు. ఎముక ఎముకకు తగిలే చోట స్ట్రెచింగ్ పని చేయదు. నేల మీద చేతులూ మోకాళ్లూ ఆనించి, నడుమును వంచకుండా ఉంచి, నెమ్మదిగా పిరుదులను మడమల వైపు జరపండి. పక్క నుంచి ఒకరు వీడియో తీస్తే నడుము ఎక్కడ వంగడం మొదలవుతుందో కనిపిస్తుంది. మోకాళ్ల మధ్య ఎడం మార్చి మళ్లీ చేయండి. ఏ ఎడంతో నడుము వంగకుండా ఎక్కువ దూరం వెళ్లగలుగుతున్నారో దానికి దగ్గరగానే నిలబడి స్క్వాట్ చేయండి. చాలామందికి భుజాల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ ఎడం, పాదాలు 15 నుంచి 30 డిగ్రీలు బయటికి తిరిగి ఉండటం అనుకూలిస్తుంది.

మోకాళ్లు వేళ్లను దాటకూడదన్న సలహా సదుద్దేశంతో ఇచ్చిందే అయినా, మీ ఇబ్బందిలో కొంత భాగం దానివల్లేనని నా అభిప్రాయం. మోకాళ్లను ముందుకు రానివ్వకుండా పలకతో అడ్డుకుని స్క్వాట్ చేయించిన ఒక అధ్యయనం 2003లో వెలువడింది. అందులో మోకాలి మీద భారం కొంత తగ్గింది కానీ, తుంటి మీద భారం దానికి ఎన్నో రెట్లు పెరిగింది, శరీరం ఎక్కువగా ముందుకు వంగింది. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కాంస్యం గెలిచిన మన శ్రీకాకుళం క్రీడాకారిణి కరణం మల్లీశ్వరి వంటి వెయిట్‌లిఫ్టర్లు బార్ కిందికి పూర్తిగా కూర్చునేటప్పుడు మోకాళ్లు వేళ్లను దాటే ఉంటాయి. మోకాలు పాదం వేళ్ల దిశలోనే కదలాలి, లోపలికి కూలిపోకూడదు, మడమ నేలను వదలకూడదు. ఈ మూడూ పాటిస్తే అది కాస్త ముందుకు వచ్చినా ఫర్వాలేదు.

అరుగుదల భయం పాతది. లోతైన స్క్వాట్ మోకాలి లిగమెంట్లను వదులు చేస్తుందని 1961లో అమెరికాలో కార్ల్ క్లైన్ అనే పరిశోధకుడు ప్రకటించారు. తర్వాతి పరిశోధనల్లో అది రుజువు కాలేదు. ఆరోగ్యంగా ఉన్న మోకాలు క్రమంగా పెంచుకుంటూ వచ్చిన బరువుకు అలవాటు పడుతుంది. నొప్పి, వాపు లేని శబ్దానికి చికిత్స అవసరం లేదు.

ఇక సాధన. చీలమండ కోసం గోడ దగ్గర చేసిన కదలికనే రోజూ ఒక్కో కాలికి 15 సార్ల చొప్పున రెండు మూడు విడతలు చేయండి. రోజులో ఒకటి రెండుసార్లు స్తంభాన్నో తలుపు చట్రాన్నో పట్టుకుని మడమలు ఆనించి గొంతుక్కూర్చోండి, ఒక్కోసారి అర నిమిషం చాలు. పొలంలో కలుపు తీసేవారికి సహజంగా ఉండే ఈ భంగిమ, కుర్చీలకూ వెస్టర్న్ టాయిలెట్లకూ అలవాటుపడిన మనలో చాలామందికి పోయింది. జిమ్‌లో బార్‌కు బదులు 10 నుంచి 12 కిలోల డంబెల్‌ను ఛాతీకి ఆనించి పట్టుకుని గాబ్లెట్ స్క్వాట్ చేయండి. ముందు బరువు ఉండటం వల్ల వెనక్కి పడిపోతామన్న భయం తగ్గి, వీపు నిటారుగా నిలుస్తుంది. మూడు సెకన్లలో దిగి, నడుము వంగడానికి కొద్దిగా ముందే ఆగి, రెండు సెకన్లు నిలిచి లేవండి. ఎనిమిది చొప్పున మూడు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు. ఆ తర్వాత 20 కిలోల ఖాళీ బార్‌తో మొదలుపెట్టి, భంగిమ చెడకపోతేనే పెంచిన ప్రతిసారీ 2.5 నుంచి 5 కిలోలు కలపండి. ర్యాక్‌లో బార్ జారితే ఆపే సేఫ్టీ రాడ్లు, మీరు పూర్తిగా దిగినప్పుడు బార్ ఉండే ఎత్తుకు కొంచెం కింద ఉండాలి. మెత్తటి రన్నింగ్ బూట్లు వద్దు, గట్టి అడుగు ఉన్నవి వేసుకోండి. చీలమండ కదలిక పెరిగేదాకా మడమ ఎత్తుగా ఉండే లిఫ్టింగ్ షూస్ వాడినా తప్పు లేదు.

దిగే ముందు పొట్టలోకి గాలి పీల్చి, చుట్టూ కండరాలను బిగించండి. అయితే ఊపిరి బిగబట్టినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది కనుక, బీపీ, హెర్నియా, గ్లకోమా, రెటీనా సమస్యలు ఉన్నవారు వైద్యుణ్ని అడిగాకే భారీ బరువులు ఎత్తాలి.

బరువు తగ్గించి రెండు వారాలైనా నడుము పట్టేయడం తగ్గకపోయినా, నొప్పి పిరుదు మీదుగా కాలిలోకి పాకినా, తిమ్మిరి లేదా పాదంలో బలహీనత కనిపించినా, మోకాలు వాచినా, ఎక్కడైనా ఇరుక్కుపోయినట్టు ఆగినా, దిగినప్పుడు గజ్జల్లో పొడిచినట్టు ఉన్నా స్క్వాట్ ఆపి ఎముకల వైద్యుణ్ని గానీ స్పోర్ట్స్ మెడిసిన్ నిపుణుణ్ని గానీ కలవండి. మూత్ర, మల విసర్జన మీద అదుపు తప్పినా, మర్మావయవాల చుట్టూ స్పర్శ తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.