స్విట్జర్లాండ్ ఈయూలో లేదు కదా, మరి వాళ్ళ వ్యాపారం ఎలా నడుస్తుంది?

ఈయూలో, అంటే యూరోపియన్ యూనియన్‌లో లేకపోతే షెంగెన్ వీసా ఎలా పనిచేస్తుంది, సరుకు అమ్ముకోడానికి ఇబ్బంది ఉండదా అని అడిగారు. ఉంటుంది. నేను జర్మనీ బోర్డర్ దగ్గరున్న స్విస్ నగరం బాసెల్‌లో ఆరేళ్ళున్నా, మెడికల్ డివైజ్‌లు చేసే ఓ చిన్న కంపెనీలో లేబుళ్ళు, రిజిస్ట్రేషన్ పేపర్లు చూసేవాణ్ణి, కాబట్టి ఆ ఇబ్బందేంటో బాగానే తెలిసొచ్చింది.

అక్కడ మనుషులకి బోర్డర్ లేదు, సరుక్కి ఉంది. 2008 డిసెంబర్‌లో షెంగెన్‌లో, అంటే బోర్డర్‌లో పాస్‌పోర్ట్ తనిఖీలు లేని దేశాల గుంపులో, చేరారు గానీ ఈయూ దేశాల మధ్య సరుకుకి కస్టమ్స్ లేకుండా చేసే కస్టమ్స్ యూనియన్‌లో లేరు. బాసెల్‌లో 8వ నంబర్ ట్రామ్ ఎక్కితే జర్మనీలోని వైల్ ఆమ్ రైన్‌లో దిగుతాం, పాస్‌పోర్ట్ మామూలుగా ఎవరూ అడగరు, కానీ తిరిగొచ్చేటప్పుడు సంచిలో మాంసం మనిషికి కిలో దాటితే డ్యూటీ కట్టాలి, జర్మనీ వ్యాట్ వెనక్కి కావాలంటే చీటీ మీద కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి. శనివారం ఆ క్యూ చూస్తే దండం పెట్టి ఇంటికొచ్చేయాలనిపిస్తుంది.

ఇదంతా 1992 డిసెంబర్ ఓటింగ్ నుంచి వచ్చింది. ఈఈఏలో, అంటే ఈయూలో లేకపోయినా దాని ఉమ్మడి మార్కెట్‌లో ఉండనిచ్చే యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో, చేరదామా అంటే 50.3 శాతం మంది వద్దన్నారు. అప్పటికి 1972 నాటి ఫ్రీ ట్రేడ్ ఒప్పందం ఉంది, పరిశ్రమల్లో తయారైన సరుకుకి డ్యూటీ లేదు, కానీ డ్యూటీ ఒక్కటీ లేకపోతే సరిపోదు కదా, టెస్టింగ్, సర్టిఫికెట్లు, ఉద్యోగాలకి రాకపోకలు, రవాణా ఇవన్నీ ఉంటాయి. అందుకే 1999లో ఏడు ఒప్పందాలు కలిపి సంతకం చేశారు, 2002లో అమల్లోకొచ్చాయి. ఒకటి రద్దు చేస్తే మిగతా ఆరూ పోతాయి, దాన్ని గిలటిన్ క్లాజ్ అంటారు, పేరు మాత్రం భలే పెట్టారు.

ఈయూకేమో ఇలా విడివిడి ఒప్పందాలు నచ్చట్లేదు, అన్నిటికీ కలిపి ఒకే ఫ్రేమ్‌వర్క్ కావాలంది. వీళ్ళేమో జీతాల రక్షణ పోతుందని, ఈయూ పౌరులకి హక్కులు మరీ పెరుగుతాయని ఏళ్ళ తరబడి తేల్చలేదు, ఇందులో తమాషా ఏంటంటే కార్మిక సంఘాలూ, వలసలంటే పడని రైట్ పార్టీ కూడా ఒకే వైపున్నాయి. చివరికి 2021 మే 26న ఫెడరల్ కౌన్సిల్, అంటే వాళ్ళ కేబినెట్, చర్చలు ఆపేసింది. సరిగ్గా అదే రోజు ఈయూ కొత్త మెడికల్ డివైజ్ రూల్స్ మొదలయ్యాయి, ఫ్రేమ్‌వర్క్ లేదు కాబట్టి సర్టిఫికెట్లని పరస్పరం గుర్తించే ఒప్పందాన్ని ఈయూ అప్‌డేట్ చేయలేదు. అంటే ముందు రోజు వరకూ ఈయూ లోపలి కంపెనీలా చూసిన మమ్మల్ని తెల్లారేసరికి బయటి దేశం కంపెనీ అన్నారు. వస్తువు అదే, మెషిన్ అదే, ఒక్క స్క్రూ కూడా మారలేదు. అయినా ఈయూలో ఒక ఆథరైజ్డ్ రిప్రజెంటేటివ్‌ని పెట్టుకోవాలి, ఇంపోర్టర్ ఉండాలి, లేబుల్ మీద వాళ్ళ పేరు, అడ్రస్ ఉండాలి. అంత చిన్న డబ్బాల మీద అన్ని అడ్రస్‌లు ఎక్కడ ఇరికించాలో తెలీక అక్షరాల సైజు తగ్గించుకుంటూ కూర్చున్నాం. పెద్ద కంపెనీలకి జర్మనీలో ఎలాగూ ఆఫీసులుంటాయి, దెబ్బంతా చిన్నవాళ్ళకే.

వాళ్ళ ఎగుమతుల్లో దాదాపు సగం ఈయూకే పోతాయి కాబట్టి అలిగి కూర్చునే వీల్లేదు. 2024 డిసెంబర్‌లో కొత్త ప్యాకేజీ మీద చర్చలు ముగిశాయి. దాని ప్రకారం సర్టిఫికెట్ల ఒప్పందం మళ్ళీ అప్‌డేట్ అవుతుంది, బదులుగా ఆ రంగాల్లో ఈయూ రూల్స్ మారినప్పుడల్లా వీళ్ళూ మార్చుకోవాలి. నాకైతే ఇది మంచి బేరమే అనిపిస్తుంది, కానీ బాసెల్లో నా పాత కొలీగ్‌తో ఆ మాటంటే మాత్రం ఇంకో గంట ఫోన్ పెట్టడు.