జీతాలు పెరిగితే ప్రభుత్వాసుపత్రుల్లో కొరత తీరుతుందా? గాజువాక తండ్రికి జవాబు

విశాఖపట్నంలోని గాజువాక నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. వారి అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసి, బీఎస్సీ నర్సింగ్ చదివి ప్రభుత్వాసుపత్రిలోనే పనిచేస్తానని పట్టుబడుతోంది. "ఎక్కడ చూసినా సిబ్బంది కొరతేనట, జీతాలు చాలకే ఎవరూ రావడం లేదట. రేపు జీతాలు పెరిగితే పరిస్థితి బాగుపడుతుందా, లేక ఇప్పటి నుంచే జర్మనీ దారి చూసుకోవాలా? రెండూ పోల్చి చెప్పండి" అని ఆయన కోరారు.

అయ్యా, ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ ఈ ప్రశ్న నా దగ్గరకు వస్తూనే ఉంటుంది. చాలీచాలని జీతానికి రాత్రీపగలూ వార్డుల్లో తిరిగి నా బిడ్డ నలిగిపోతుందేమోనన్న భయమే దాని వెనుక ఉందని నాకు తెలుసు. ప్రవేశాల సంగతి మీరు ఇప్పటికే కనుక్కొని ఉంటారు కాబట్టి నేరుగా ఆ భయం గురించే రాస్తాను.

కొరత అనే మాట ఒకటే అయినా డాక్టర్ల కొరత వేరు, నర్సుల కొరత వేరు. కేంద్ర ప్రభుత్వ 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండవలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. వారి విషయంలో డబ్బు ఒక్కటే పనిచేయదు. 2025లో మన రాష్ట్ర పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టర్లు ఆందోళనకు దిగినప్పుడు గిరిజన ప్రాంత భత్యంతో పాటు పీజీ సీట్లలో ఇన్‌సర్వీస్ కోటా (ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారికి కేటాయింపు), నిర్ణీత కాలానికి పదోన్నతి కావాలని గట్టిగా అడిగారు. పాడేరు కొండల్లో కొన్నేళ్లు పనిచేసిన డాక్టరుకు ఆ తరువాత చదువు, పిల్లలకు బడి, తిరిగి మైదానానికి వచ్చే దారి కనిపించకపోతే, పెంచిన జీతం ఆయనను అక్కడ ఎంతకాలం నిలబెట్టగలదు?

నర్సుల సంగతి అలా కాదు. మన దేశంలో 2010లో జరిగిన ఒక అధ్యయనంలో వైద్య, నర్సింగ్ విద్యార్థులను గ్రామీణ ఉద్యోగాల గురించి అడిగారు. జీతం ఐదు రెట్లు చేసినా వైద్య విద్యార్థుల్లో 13 శాతం మందే సరేనన్నారు. నర్సింగ్ విద్యార్థుల్లో మాత్రం ఆ పెంపులో సగానికే, అంటే జీతం రెండున్నర రెట్లు చేస్తేనే, 61 శాతం మంది ఒప్పుకొన్నారు. కాబట్టి జీతం పెరిగితే నర్సులు వస్తారు. అయితే మన దగ్గర రెగ్యులర్ స్టాఫ్ నర్సు నోటిఫికేషన్ పడితే పోస్టులకు ఎన్నో రెట్ల దరఖాస్తులు వస్తాయి. నర్సులు దొరక్క ఏర్పడిన కొరత కాదిది. పోస్టులు మంజూరు చేయక, మంజూరైనవి నింపక, నింపినా కాంట్రాక్టు మీద నింపడం వల్ల ఏర్పడిన కొరత. ఒకే వార్డులో ఒకే పని చేసే ఇద్దరిలో కాంట్రాక్టు నర్సుకు రెగ్యులర్ నర్సుకంటే బాగా తక్కువ జీతం ఇస్తూ జీతాల పెంపు గురించి మాట్లాడటం నాకు న్యాయంగా తోచదు.

నా దగ్గర సలహా తీసుకుని నర్సింగ్‌లో చేరిన ఒక అమ్మాయిని ఒక ప్రభుత్వాసుపత్రిలో రాత్రి డ్యూటీలో చూశాను. వార్డులో నలభైకి పైగా మంచాలున్నాయి, ఇద్దరు రోగులు నేల మీద చాపల పైన ఉన్నారు, నర్సు మాత్రం తను ఒక్కతే. సెలైన్ మార్చవలసిన మంచాల నంబర్లను ప్లాస్టరు ముక్క మీద రాసి మణికట్టుకు అంటించుకుంది. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం చెబుతోంది. "జీతం పెంచితే సంతోషమే సార్, కానీ పక్కన ఇంకొక మనిషినిస్తే ఇంకా సంతోషం" అని ఆ అమ్మాయి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

ప్రైవేటులో ఎక్కువ ఇస్తారన్న నమ్మకం డాక్టర్ల విషయంలో చాలాసార్లు నిజం, నర్సుల విషయంలో తలకిందులు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లోనైనా నర్సుకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేయవలసి వచ్చిందంటే అక్కడి జీతాలు ఎలా ఉండేవో ఊహించండి.

జర్మనీ గురించి నా సందేహాలు దాచుకోను. అక్కడ నర్సుల అవసరం నిజమే, జీతమూ మంచిదే. కానీ జర్మన్ భాష బీ2 స్థాయిలో, అంటే పనిలో ధారాళంగా మాట్లాడగలిగేంత, రావాలి, మన డిగ్రీకి గుర్తింపు రావాలి, ఆ గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలిగా తక్కువ జీతానికి పనిచేయవలసి రావచ్చు. మన ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో ఎవరో ఆరు నెలల్లో భాష నేర్పి విమానం ఎక్కిస్తామంటే, ఆ ఒప్పంద పత్రంలో మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవకుండా సంతకం పెట్టకండి. విదేశాల్లో అంతా సుఖమేనన్న భ్రమా వద్దు. మన నర్సులు ఎందరో వెళ్లిన బ్రిటన్‌లో 2022 డిసెంబరులో నర్సులే జీతాల కోసం సమ్మె చేశారు.

ఇక కొంచెం కఠినంగా చెబుతున్నాను, మన్నించండి. మీ ఉత్తరం చివర "నర్సు అంటే సంబంధాలు రావేమో" అని రాశారు. మీ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి మన కింగ్ జార్జ్ ఆసుపత్రి (కె.జి.హెచ్.)కి పరుగెత్తిన రోజున, అర్ధరాత్రి మీరు చేతులు జోడించేది ఆ నర్సుకే కదా! ఆమె పనిని చిన్నచూపు చూసే సంబంధం రాకపోతేనే మీ అమ్మాయికి మేలు. తను ఇష్టపడి ఎంచుకున్న చదువును జీతం లెక్కతో ఆపకండి. రెగ్యులర్ పోస్టు రావడానికి కొన్నేళ్లు పట్టవచ్చు, ఈలోగా కాంట్రాక్టులో పనిచేయవలసి రావచ్చు. అయినా బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి ఖాళీగా కూర్చునే పరిస్థితి మన ఊళ్లో నేను చూడలేదు. జర్మన్ భాష కావాలంటే మూడో సంవత్సరంలో మొదలుపెట్టుకోవచ్చు, ఆ తలుపు ఎక్కడికీ పోదు.

ఈ వారంలో ఒక ఉదయం మీ అమ్మాయితో కలిసి కె.జి.హెచ్. డౌన్ బస్టాపుకు వెళ్లండి. రాత్రి డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడే నర్సుల్లో ఒకరిని, తీరిక ఉంటేనే, పలకరించండి. రాత్రి ఎంతమంది రోగులను చూసుకున్నారో, ఉద్యోగం రెగ్యులరో కాంట్రాక్టో, మళ్లీ ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటారో మీ అమ్మాయినే అడగనివ్వండి. ఆ తరువాత నాకు మళ్లీ రాయండి, ఈసారి ఉత్తరం తనను రాయమనండి.