రోజుకు 14 గంటలు వేసుకుంటే అలైనర్లు పని చేస్తాయా?

ప్రశ్న: నా వయసు 27 ఏళ్లు. విజయవాడలో ఒక బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం చేస్తున్నాను. పై వరుస పళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కినట్టు ఉండటంతో నాలుగు నెలలుగా క్లియర్ అలైనర్లు, అంటే పళ్లను వరుసలోకి జరిపే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు వాడుతున్నాను. మొత్తం 24 జతల ట్రేలు ఇచ్చారు. రెండు వారాలకు ఒకటి చొప్పున ఇప్పుడు 9వ జత నడుస్తోంది. ఖాతాదారులతో మాట్లాడాల్సి రావడం, మధ్యమధ్యలో టీ తాగడం వల్ల పగటిపూట తీసేస్తున్నాను. రోజుకు 14 గంటలకు మించి వేసుకోలేకపోతున్నాను. ఈ జతకు మారినప్పటి నుంచి ముందు పన్ను పక్కనున్న చిన్న పన్ను దగ్గర ట్రేకూ పన్నుకూ మధ్య ఖాళీ కనిపిస్తోంది. పైగా ట్రేలు పసుపు రంగుకు తిరిగి, వాసన వస్తున్నాయి. మరిగే నీళ్లలో వేసి తీస్తే శుభ్రపడతాయని మా అత్తయ్య అంటున్నారు. అలా చేయవచ్చా? రాత్రిపూట మాత్రమే వేసుకుని నెలలు కాస్త పెంచుకుంటే సరిపోదా? వచ్చే వారం పదో జతకు మారమంటారా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందుగా మీ మూడు సందేహాలకూ సూటిగా చెబుతాను. ట్రేలను మరిగే నీళ్లలో వేయకండి. పదో జతకు మీ అంతట మీరు మారకండి. రాత్రిపూట మాత్రమే వేసుకుంటే నెలలు ఎన్ని పెంచినా చికిత్స ముందుకు సాగదు. మీరు గంటల లెక్క దాచకుండా రాయడం మాత్రం మంచి పని. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ‘రోజంతా వేసుకునే ఉంటున్నాను డాక్టరు గారూ’ అంటారు గానీ, ట్రే పెట్టి చూడగానే మీరు గమనించిన ఆ ఖాళీయే అసలు సంగతి చెప్పేస్తుంది. ఇదే లెక్కను మీ పళ్ల వరుసకు చికిత్స చేస్తున్న ఆర్థోడాంటిస్ట్‌కు కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన మందలిస్తే మందలించనివ్వండి. తప్పు లెక్క మీద వేసే తర్వాతి అడుగు అంతకంటే ఖరీదైనది.

గంటల మీద మేము ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పన్ను దవడ ఎముకలో గోడకు కొట్టిన మేకులా బిగుసుకుని ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఒకటి ఉంటుంది. ట్రే పన్నును ఒక పక్కకు నెట్టినప్పుడు ఆ పక్కన పొర నొక్కుకుపోయి, అక్కడి ఎముకను కరిగించే కణాలు పనిలోకి దిగుతాయి. రెండో పక్కన పొర సాగి, అక్కడ కొత్త ఎముక చేరుతుంది. ఈ కరగడం, కట్టడం రెండూ నిదానంగా సాగే పనులు కాబట్టి, వాటికి ఒత్తిడి గంటల తరబడి తెగకుండా అందుతూ ఉండాలి. ట్రే తీసి డబ్బాలో పెట్టిన దగ్గర నుంచి, సాగి ఉన్న నారలు పన్నును పాత చోటికే లాగడం మొదలుపెడతాయి. అందుకే అలైనర్లను రోజుకు 20 నుంచి 22 గంటలు వేసుకోమంటాము. మీ 14 గంటలు 22లో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ. అంతమాత్రాన చికిత్స కూడా మూడింట రెండు వంతుల వేగంతో నడుస్తుందనుకుంటే పొరపాటు. రాత్రంతా జరిగిన కాస్త కదలికలో కొంత భాగం పగలు పోతుంది, మళ్లీ రాత్రికి ట్రే ఆ పోయిన దాన్ని రాబట్టడంతోనే సరిపెడుతుంది.

ఒక్కో ట్రే పన్నును జరిపే దూరం సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే. ఎనిమిదో ట్రే తన వంతు పూర్తి చేసిందన్న నమ్మకంతోనే తొమ్మిదో ట్రే తయారై ఉంటుంది. ఎనిమిదోది సగంలో ఉండగానే తొమ్మిదోది పెడితే, పన్ను ఒకచోట, ట్రేలో దాని కోసం వదిలిన గూడు ఇంకొకచోట ఉంటాయి. మీకు కనిపిస్తున్న ఖాళీ అదే. ఇది మొదట బయటపడేది తరచుగా మీరు చెప్పిన ఆ చిన్న పన్ను దగ్గరే. అది చిన్నది, ట్రే పట్టుకోవడానికి దాని మీద చోటు తక్కువ. ఈ స్థితిలో పదో జత పెడితే ఖాళీ పెరుగుతుందే తప్ప తరగదు.

ఇప్పుడు మీరు చేయవలసింది ఏమిటంటే, తొమ్మిదో జతలోనే ఆగి, రోజుకు 22 గంటలు వేసుకుంటూ, మీ డాక్టరుకు వెంటనే ఫోన్ చేసి ఖాళీ సంగతి చెప్పడం. చ్యూయీలు అని పిలిచే మెత్తని రబ్బరు చుట్టలు దొరుకుతాయి. ట్రే పెట్టుకున్న ప్రతిసారీ ఆ చిన్న పన్ను దగ్గర చ్యూయీని ఉంచి, ఐదు నుంచి పది నిమిషాల పాటు నెమ్మదిగా కొరుకుతూ ఉంటే ట్రే పంటికి హత్తుకుంటుంది. ఒకటి రెండు వారాల్లో ఖాళీ మూసుకుపోతే అక్కడి నుంచి ముందుకు వెళ్లమంటారు. లేదంటే వెనక్కు, అంటే ఎనిమిదో జతకు వెళ్లమనవచ్చు. అదీ కుదరకపోతే పళ్లను మళ్లీ స్కాన్ చేసి కొత్త ట్రేలు చేయించాల్సి వస్తుంది. వాడేసిన జతను, కనీసం తర్వాతిది పూర్తయ్యే వరకైనా, పారేయవద్దని చెప్పేది ఇందుకే. మీ ఎనిమిదో జత ఇంకా మీ దగ్గరే ఉందనుకుంటున్నాను.

ఇక మీ 14 గంటలు 22 ఎలా అవుతాయన్నది చూద్దాం. ట్రే నోట్లో లేకుండా మీకు దొరికేది రోజుకు రెండు గంటలు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం, వాటి తర్వాత పళ్లు తోముకోవడం కలిపి గంటన్నర దాటడం సహజం. మిగిలిన అరగంటలో నాలుగు టీలు ఇమడవు. ఆఫీసులో టీ అంటే ఐదు నిమిషాల పని కాదని మనందరికీ తెలుసు. కప్పు వచ్చేలోపు ట్రే తీస్తారు, మాటల్లో పడతారు, ఆపై ఎవరో ఖాతాదారు వస్తారు, ట్రే డబ్బాలోనే గంట గడిచిపోతుంది. టీ మానేయమని నేను చెప్పను, చెప్పినా వినేవారు తక్కువ. ఒక టీని టిఫిన్‌తోనూ, ఇంకొకటి మధ్యాహ్నం భోజనం ముగిసిన వెంటనేనూ కలిపేసుకుంటే విడిగా గంటలు ఖర్చు కావు. సాయంత్రం పునుగులో, బజ్జీలో తినాలనిపిస్తే అప్పుడే టీ కూడా కానివ్వండి, ఆ రోజుకు రాత్రి భోజనం త్వరగా ముగించండి. ట్రే ఉంచుకునే టీ తాగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వేడికి ప్లాస్టిక్ ఆకారం మారుతుంది, రంగు పడుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా టీలోని చక్కెర ట్రేకూ పంటికీ మధ్య నిలిచిపోతుంది. మామూలుగా నోట్లో ఊరే లాలాజలం తీపిని కడిగేస్తుంది. ట్రే కింద ఆ లాలాజలానికి దారి ఉండదు. చెరకు రసం, మామిడి రసం, కూల్‌డ్రింకుల విషయంలోనూ ఇంతే. ట్రేతో తాగదగినది చల్లని లేదా మామూలు మంచినీళ్లు ఒక్కటే. పళ్లు వరుసకు వచ్చేసరికి వాటిలో రెండు పుచ్చిపోతే ఆ చికిత్స వల్ల ఒరిగేదేమీ లేదు.

కౌంటర్‌లో మాట్లాడటం కోసం ట్రే తీయవలసిన అవసరం నిజానికి లేదు. కొత్తలో స, ష అక్షరాలు కొద్దిగా తడబడతాయి. నాలుక ఆ మందానికి అలవాటు పడటానికి కొన్ని రోజులు చాలు. తీస్తూ పెడుతూ ఉండటం వల్లే మీకు ఆ అలవాటు ఇంకా రాలేదని నా అనుమానం. రెండు రోజులు ఇంట్లో పేపరు పైకి చదివి చూడండి.

శుభ్రం విషయానికి వస్తే, మీ అత్తయ్య గారి మాట పాలసీసాలకూ స్టీలు గిన్నెలకూ సరిపోతుంది. ట్రేలు మాత్రం వేడితో మెత్తబరిచి అచ్చు మీద నొక్కి తయారుచేసిన పలుచని ప్లాస్టిక్, అదే వేడి మళ్లీ తగిలితే ఆకారం వదిలేస్తాయి. కంటికి కనిపించని వంపు కూడా పంటిని తప్పు దిక్కుకు నెట్టగలదు. మరిగే నీళ్లే కాదు, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద మరిచిపోయినా అదే ఫలితం. మన ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. మే నెలలో ట్రే డబ్బాను హ్యాండ్‌బ్యాగులోనే, నీడలోనే ఉంచండి.

తీసిన ప్రతిసారీ ట్రేను కుళాయి నీళ్లతో కడగండి. లాలాజలం ఎండిపోయాక పట్టే పాచే వాసనకు మొదటి కారణం. ఉదయం, రాత్రి ట్రేల కోసమే పెట్టుకున్న మెత్తని బ్రష్‌తో, రంగు, ఘాటైన వాసన లేని ద్రవ సబ్బు ఒక చుక్క వేసి లోపలా బయటా తోమి, బాగా కడగాలి. టూత్‌పేస్టు వాడకండి. పంటికి పనికొచ్చే దాని గరుకుదనం ప్లాస్టిక్ మీద సన్నని గీతలు పెడుతుంది, ఆ గీతల్లో పాచి గూడు కట్టుకుంటుంది, ట్రే మసకబారి పైకి కనిపించడం మొదలవుతుంది. రంగు మౌత్‌వాష్‌లో నానబెట్టినా రంగు పడుతుంది. కట్టుడు పళ్లకు, చికిత్స అయ్యాక పళ్లు కదలకుండా పెట్టుకునే రిటైనర్లకు వాడే నురగ బిళ్లలు మందుల షాపుల్లో దొరుకుతాయి. రాత్రి భోజనం చేసే సమయంలో, ప్యాకెట్ మీద రాసినంత సేపు అందులో నానబెట్టి కడిగితే అదనంగా గంటలు కూడా పోవు. డబ్బాకు గాలి ఆడే రంధ్రాలు ఉండాలి, దాన్ని కూడా రోజూ కడిగి ఆరబెట్టాలి. పసుపు రంగు గురించి మాత్రం మరీ బెంగ పడకండి. పసుపు, కారం లేని వంట మన ఇళ్లలో ఉండదు. తిన్నాక నోరు శుభ్రం చేసుకోకుండా పెట్టుకుంటే ఆ రంగు ట్రేకు ఎక్కుతుంది. జత మారినప్పుడు అది ఎలాగూ పోతుంది.

ఆఫీసులో భోజనం తర్వాత బ్రష్ చేసుకునే వీలు లేకపోతే, ఆ కారణంగా ట్రేను సాయంత్రం దాకా బయటే ఉంచకండి. నీళ్లు గట్టిగా పుక్కిలించి, ట్రే కడిగి పెట్టేసుకుని, ఇంటికి వెళ్లగానే ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోండి. రాత్రి ఒకసారి పళ్ల సందుల్లో ఫ్లాస్ తిప్పడం తప్పనిసరి. ట్రే తీసేటప్పుడు ముందు వైపు నుంచి లాగకుండా, దవడ పళ్ల దగ్గర లోపలి అంచున వేలికొనతో ముందు ఒక పక్క, తర్వాత రెండో పక్క వదులు చేసి ముందుకు తీసుకురండి. పెట్టేటప్పుడు వేళ్లతోనే నొక్కండి. పళ్లతో కొరికి కూర్చోబెడితే ట్రే పగలవచ్చు. తీసిన ట్రే నేరుగా డబ్బాలోకే వెళ్లాలి. పెళ్లి భోజనాల్లో కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెట్టి, విస్తరి మడిచేటప్పుడు దాంతో పాటే పోగొట్టుకున్నవారు నాకు బాగా తెలుసు.

మీ పళ్ల మీద పంటి రంగులోనే చిన్న బుడిపెల వంటి అటాచ్‌మెంట్లు అతికించి ఉంటే, వాటిలో ఏదైనా ఊడిందేమో అద్దంలో చూసుకోండి. ఖాళీకి అదీ ఒక కారణం కావచ్చు. ప్రకాశం, పల్నాడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారి పళ్ల మీద ఈ బుడిపెలు గట్టిగా అతకకపోవచ్చు. మీ బాల్యం అటువైపు గడిచి ఉంటే ఆ విషయం డాక్టరుకు చెప్పండి.

కొత్త జత పెట్టిన రెండు మూడు రోజులు బిగువు, కొరికితే నొప్పి ఉండటం మామూలే, రాత్రి పడుకోబోయే ముందు జత మారిస్తే అది తక్కువగా తెలుస్తుంది. వారం దాటినా తగ్గని నొప్పి, పన్ను బాగా ఊగడం, చిగుళ్ల నుంచి రక్తం, చీము వంటివి ఉంటే ఆలస్యం చేయకూడదు. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే ట్రే తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు అడిగిన ‘రాత్రిపూట మాత్రమే’ అన్న రోజు కూడా వస్తుంది, కానీ చికిత్స పూర్తయ్యాక. అప్పుడు ఇచ్చే రిటైనర్లను మొదటి కొన్ని నెలలు దాదాపు రోజంతా వేసుకుని, ఆపై డాక్టరు చెప్పినప్పటి నుంచి రాత్రికి పరిమితం చేస్తారు. ఇప్పటికి మాత్రం, ఈ వారంలోనే ఎనిమిదో, తొమ్మిదో జతలు రెండూ డబ్బాలో పెట్టుకుని మీ ఆర్థోడాంటిస్ట్‌ను కలవండి. వెళ్లేముందు మూడు రోజుల పాటు ట్రే తీసిన, పెట్టిన సమయాలు ఒక కాగితం మీద రాసి అది కూడా తీసుకువెళ్లండి.